ఆకలి వేయకముందే

నేటి పఠనం: దానియేలు 1:5–16; ఆదికాండము 25:29–34

సాయంత్రం ఆరు దాటితే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల మెట్ల మీద ఒక బ్యాచ్ దిగుతుంటుంది, ఇంకో బ్యాచ్ ఎక్కుతుంటుంది. దిగేవాళ్లకు మధ్యాహ్నం తిన్న హాస్టల్ అన్నం ఎప్పుడో అరిగిపోయింది. రాత్రి భోజనానికి ఇంకా రెండు గంటలుంది. మెట్లు దిగగానే బజ్జీల బండి. ఒకసారి వేయించి పక్కన పెట్టిన మిర్చిని బండివాడు చకచకా ముక్కలు కోసి మళ్లీ బాణలిలో వేస్తాడు. కట్ మిర్చికి ఆ కరకర వచ్చేది అందుకే, అది రెండుసార్లు నూనె తాగుతుంది. పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం, చాట్ మసాలా. ‘ఈ నెలలో ఎలాగైనా బరువు తగ్గాలి’ అని పొద్దున్నే అద్దం ముందు చేసుకున్న ఒట్టు ఆ వాసన ముందు నిలవదు.

పంజాగుట్ట వైపు ఆఫీసుల్లో, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లకు ఆకలి కూడా అక్కర్లేదు. ‘చాయ్ తాగొద్దాం పద అన్నా’ అనే పిలుపు చాలు. రోజుకు మూడు చాయ్‌లు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర అనుకుంటే ఆరు చెంచాలు. పెద్దవాళ్లు రోజంతటికీ 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దుకు అక్కడికే చేరిపోయాం. పక్కనున్న ఉస్మానియా బిస్కెట్‌లోని చక్కెర ఇంకా లెక్కలోకి రాలేదు. నూనె సంగతి సరేసరి. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే గ్రాము నూనెలో 9 ఉంటాయి. మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచినా ఒక ప్లేటు కట్ మిర్చి బాకీ తీరదు. నూనె, ఉప్పు, చక్కెర తగ్గించమని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లోనూ చెప్పింది. ఈ మాటలు తెలియనివాళ్లు ఇప్పుడు తక్కువే. తెలిసినా చెయ్యి ఆగదు. చేయాలనుకున్న మేలు చేయలేకపోతున్నానని రోమా పత్రిక 7వ అధ్యాయంలో పౌలు పడిన బాధ తెలియాలంటే గొప్ప పాపాలే చేయనక్కర్లేదు, ఒక పొట్లం పునుగులు చాలు.

ఈ సంగతిని ప్రార్థనలోకి తేవడానికి మనలో చాలామందికి మొహమాటం. పునుగుల గొడవ దేవుడికెందుకు అనుకుంటాం. ఇంకొందరు ప్రతి బజ్జీకీ కుమిలిపోయి, దేవుడు తమ మీద కోపంగా ఉన్నాడనుకుంటారు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఈ ఇద్దరికీ పనికొస్తుంది.

దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా ఇల్లు విడిచి బబులోనుకు వచ్చిన కుర్రాళ్లు. పరాయి ఊరు, పరాయి భాష, మూడేళ్ల శిక్షణ, భోజనం రాజుగారి ఖాతాలో. అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాళ్లకు వాళ్ల అవస్థ విడమరిచి చెప్పనక్కర్లేదు. దానియేలు రాజు భోజనాన్ని, ద్రాక్షారసాన్ని వద్దనుకున్నాడు. పప్పుకూరలు, మంచినీళ్లు చాలన్నాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇది బరువు తగ్గడానికి రాసిన కథ కాదు. దానియేలు బెంగంతా దేవుని ఎదుట అపవిత్రం కాకూడదనే. పైగా పది రోజులయ్యాక ఆ నలుగురూ మిగతావాళ్లకంటే పుష్టిగా కనబడ్డారని వాక్యమే చెబుతోంది! కాబట్టి అతని నుంచి మనం నేర్చుకోవలసింది అతని కంచంలో ఏముందో కాదు, ఆ నిర్ణయం ఎలా జరిగిందో.

అతను వడ్డించాక ఆలోచించలేదు. పళ్లెం ముందుకు రాకముందే మనసులో తేల్చుకున్నాడు. తేల్చుకున్నదాన్ని గుట్టుగా దాచుకోలేదు, తన మీద అధికారికి వినయంగా విన్నవించుకున్నాడు. ఆ అధికారి రాజుకు భయపడి వెనకాడితే, తమను చూసుకునే మనిషి దగ్గరికి వెళ్లి మళ్లీ అడిగాడు. అడిగింది కూడా జన్మంతటికీ కాదు, పది రోజులకే. ఆ పది రోజులూ పక్కన ముగ్గురు స్నేహితులున్నారు.

ఇప్పుడు ఏశావును చూడండి. పొలం నుంచి అలసి సొలసి వచ్చాడు. తమ్ముడు వండిన ఎర్రటి చిక్కుడుకాయల వంటకం వాసన తగిలింది. ప్రాణం పోయేట్టుంది, జ్యేష్ఠత్వం నాకెందుకు అన్నాడు. తిన్నాడు, తాగాడు, లేచి వెళ్లిపోయాడు. ఏశావుకు బలం లేదా? ఉంది, అడవిలో వేటాడి తెచ్చేవాడు. కానీ తన జీవితంలో పెద్ద నిర్ణయాన్ని అతను ఆకలి నకనకలాడే వేళకు వదిలేశాడు. ఆ వేళ మాట్లాడింది కడుపే.

మనం సంకల్పబలం లేదని మనల్ని మనం తిట్టుకునేది కూడా సరిగ్గా ఆ వేళలోనే. ఆరున్నరకు బండి ముందు నిలబడి ‘ప్రభువా, బలమివ్వు’ అంటే ఆయన వినడని కాదు. అదే ప్రార్థన పొద్దున ఆరున్నరకు చేస్తే జవాబు అందుకోవడానికి మన దగ్గర పన్నెండు గంటలుంటాయి. ఆ పన్నెండు గంటల్లో గుప్పెడు వేయించిన శనగలో ఒక జామకాయో సంచిలో వేసుకోవచ్చు. క్లాసు అయ్యాక బండి లేని సందులోంచి వెళ్దామని స్నేహితుడితో అనుకోవచ్చు. పదిసార్లు చాయ్‌కి పిలిచే కొలీగ్‌కి ‘నాకు చక్కెర లేకుండా చెప్పన్నా’ అని ముందే చెప్పి ఉంచవచ్చు. శోధనతోపాటు తప్పించుకునే మార్గం కూడా దేవుడు కలగజేస్తాడని మొదటి కొరింథీ పత్రిక 10వ అధ్యాయంలో ఉంది కదా. ఆ మార్గం ఒక్కోసారి అచ్చంగా పక్క సందే.

అమీర్‌పేట పక్కనే బల్కంపేట రోడ్డులో ప్రకృతి చికిత్సాలయం ఉంది. బరువు తగ్గాలని అక్కడ చేరినవాళ్లకు మట్టి పట్టీలు, ఆవిరి స్నానాలు, పచ్చి కూరగాయలు, పళ్లరసాలు. లోపల ఉన్నన్నాళ్లూ నోరు కట్టుకోవడం తేలికే. వేళకు పెట్టేవాళ్లున్నారు, పక్క మంచం మీది మనిషీ అదే తింటున్నాడు, బజ్జీ వాసన దరిదాపుల్లో లేదు. అసలు పరీక్ష గేటు దాటి రోడ్డెక్కాకే. ఒకే మనిషి లోపల గెలిచి బయట ఓడిపోతున్నాడంటే, తేడా అతని భక్తిలో లేదు, చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది. దానియేలు అడిగి సంపాదించుకున్నది అలాంటి ఏర్పాటునే.

అలసట సంగతి కూడా మరచిపోకూడదు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా చావే మేలనుకుని చెట్టు కింద పడుకుంటే, దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి, తినమన్నాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ లేపి తినమన్నాడు. రాత్రి రెండింటి దాకా ప్రాజెక్ట్ రాస్తూ చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసే కుర్రవాడికి కావలసింది ఒక్కోసారి కఠినమైన డైట్ కాదు, వేళకు నిద్ర. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుందని డాక్టర్లూ చెబుతారు. దేవుడు మన ఆకలిని చేసినవాడు, దాన్ని చూసి అసహ్యించుకోడు. మన బరువుతో ఆయన ప్రేమ పెరగదు, తరగదు.

నోరు కట్టుకున్నా బరువు పెరుగుతూనే ఉంటే అది థైరాయిడ్ కావచ్చు, వాడుతున్న మందు వల్ల కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. పంజాగుట్టలో నిమ్స్ ముందు పొద్దున్నే వరుసలో నిలబడేవాళ్లలో ప్రార్థన చేసి వచ్చినవాళ్లు ఎందరో.

ప్రార్థన: తండ్రీ, మా ఆకలి నీకు తెలుసు, మా అలసట నీకు తెలుసు. ఈ సాయంత్రం మేము బలహీనులమయ్యే గడియ కూడా నీకు తెలుసు. ఆ గడియ రాకముందే, ఈ ఉదయమే, మా మనసును స్థిరపరచు. అడగడానికి దానియేలుకిచ్చిన వినయాన్ని, తోడుండే స్నేహితులను మాకు దయచెయ్యి. ఇవాళ తప్పిపోతే రేపు నీ దగ్గరికి రావడానికి సిగ్గుపడనివ్వకు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

నేటి ఆచరణ: జన్మంతటికీ ఒట్టు పెట్టుకోకండి. దానియేలు లాగే పది రోజులు చాలు. మీరు ఎక్కువగా జారిపోయే వేళ ఏదో, ఆ వేళకు ఏం తినాలో, ఏ దారిన నడవాలో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. రాసినదాన్ని ఇంట్లోనో హాస్టల్ గదిలోనో ఒక్కరికి చూపించి, ఆ పది రోజులూ మీ కోసం ప్రార్థించమని అడగండి. టిఫిన్ తినడానికి లేవకముందే ఈ పని ముగించండి.