కన్నీళ్ళు లేని రాజ్యం



ఆకలి లేదు, కొట్లాటలు లేవు, నిరుద్యోగం లేదు, ముసలితనపు బాధలు లేవు. అలాంటి దేశం ఒకటుందంటే మనలో చాలామంది పెట్టే బేడా సర్దుకుని బయలుదేరుతాం. ఇంగ్లీషు రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' నవలలో అలాంటి రాజ్యాన్నే చిత్రించాడు. ఆ రాజ్యానికి అన్నిటికన్న ముఖ్యం స్థిరత్వం. దేనినైనా వదులుకోవచ్చు గాని, సమాజానికి కుదుపు రాకూడదు.

అందుకు వారు చెల్లించిన మూల్యం చూడండి. అక్కడ బిడ్డలు తల్లి కడుపున పుట్టరు, సీసాలలో తయారవుతారు. ఆల్ఫా మొదలు ఎప్సిలాన్ వరకు ఐదు తరగతులు. ఎవరు ఏలాలో, ఎవరు మోయాలో పుట్టకముందే నిర్ణయమైపోతుంది. నిద్రపోయే పసివాళ్ళ చెవిలో పాఠాలు వినిపించి, తమ తరగతే తమకు మేలని నమ్మిస్తారు. 'అమ్మ' అన్న మాట అక్కడ బూతు. ఒకే మనిషిని గాఢంగా ప్రేమించడం తప్పు. ప్రేమించినవాడు ఏడుస్తాడు, ఏడ్చినవాడు ఎదురు తిరుగుతాడని వారి భయం. మనసు కలత పడితే 'సోమ' అనే మాత్ర ఉంది, మింగితే దిగులు పోతుంది. మరి సిలువలు? వాటి పైకొమ్మ నరికి, ఫోర్డు వారి 'మోడల్ టి' కారుకు గుర్తుగా 'టి' అక్షరం చేశారు. పరలోకం వైపు చూపే కొమ్మనే తీసివేశారన్నమాట.

ఆ నాగరికతకు వెలుపల, న్యూ మెక్సికోలోని ఆదివాసుల ప్రాంతంలో పెరిగిన జాన్ అనే యువకుడు లండను వస్తాడు. అతని తల్లి లిండా ఆసుపత్రిలో సోమ మత్తులోనే కన్నుమూస్తుంది. మంచం పక్కన కుమిలిపోతున్న కొడుకును చూసి నర్సు కంగారు పడుతుంది. చావంటే చలించకుండా ఉండే అలవాటు చేయడానికి అక్కడికి తెచ్చిన పిల్లలు అతని ఏడుపు చూసి చెడిపోతారని ఆమె దిగులు. వాళ్ళకు తినుబండారాలు పంచి దృష్టి మళ్ళిస్తుంది. లాజరు సమాధి వద్ద కన్నీరు కార్చిన మన ప్రభువుకు ఆ ఊళ్ళో చోటుండదు.

ఆ రాజ్యపాలకులలో ఒకడైన ముస్తఫా మోండ్ మూర్ఖుడు కాడు. అతని ఇనప్పెట్టెలో పవిత్ర గ్రంథం, 'క్రీస్తు అనుకరణ' ఉంటాయి. చదివాడు, తెలిసే దాచాడు. సుఖంగా ఉన్న జనానికి దేవునితో పనిలేదని అతని వాదం. జాన్ ఆ సుఖం వద్దంటాడు. దేవుడు, మంచితనం, స్వేచ్ఛ కావాలంటాడు. వాటితోపాటు పాపం చేసే వీలును, బాధపడే హక్కును కూడా అడుగుతాడు.

'పాపం చేసే వీలు ఎందుకు ఫాదర్?' అని మీరు అడగవచ్చు. పాపం మంచిదని కాదు. కాదనగలిగినవాడు అవునన్నప్పుడే ఆ అవునుకు విలువ. గబ్రియేలు దూత మరియతల్లి జవాబు కోసం ఆగాడు. చిన్నకొడుకు వెళ్ళిపోతానంటే తండ్రి తలుపుకు తాళం వేయలేదు, ఆస్తి పంచి ఇచ్చాడు. మనిషిలోని స్వేచ్ఛ దేవుని పోలికకు గొప్ప గుర్తని ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. శాంతి అంటే ప్రతిదీ దాని తగిన చోట ఉండటం వల్ల కలిగే నిమ్మళమని పునీత అగస్టీనుగారు నేర్పారు. ప్రేమను దాని చోటు నుండి తొలగిస్తే మిగిలేది శ్మశాన నిశ్శబ్దమే.

అయితే జాన్ కూడా మనకు ఆదర్శం కాడు. ఒంటరిగా వెళ్ళి, తన్ను తాను కొరడాతో కొట్టుకుని, చివరకు ఉరిపోసుకుంటాడు. స్వేచ్ఛను కోరాడు గాని, క్షమించే తండ్రి ఇంటిని ఎరుగడు. తాను జాన్‌కు రెండు దారులే చూపానని, మూడవ దారి కూడా చూపవలసిందని హక్స్‌లీయే 1946 నాటి ముందుమాటలో ఒప్పుకున్నాడు. స్వేచ్ఛకు, క్షమకు ఒకేచోట తావున్న క్రైస్తవ కుటుంబమే మనకు ఆ మూడవ దారి.

ఇక మన ఇళ్ళ సంగతి. నలుగురిలో మాట రాకూడదని పిల్లల నోరు నొక్కుతున్నామా? వారి చదువు, పెళ్ళి, చివరకు గురువిద్యాలయానికో కన్యకల మఠానికో పంపడం కూడా వారిని అడగకుండానే తేల్చేస్తున్నామా? 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం ప్రకారం వధూవరుల స్వేచ్ఛా సమ్మతే వివాహాన్ని కలిగిస్తుంది. బలవంతాన గాని, తీవ్రమైన భయంతో గాని జరిగిన పెళ్ళి చెల్లదు. అందుకే 'మీ ఇష్టంతోనే వచ్చారా?' అని పీఠం ముందు గురువు అడుగుతాడు. బిడ్డ తల వంచుకుని చెప్పే ఆ జవాబు తనదో, మనదో మన అంతరాత్మకు తెలుసు. ఏడ్చే పసివాడి చేతిలో పెట్టే ఫోను, గొడవ మరిచిపోవడానికి తెరిచే సారా సీసా మన ఇంటి సోమ కాదా?

యువతీ యువకులారా, మీకూ ఒక మాట. స్వేచ్ఛ అంటే తోచినట్టు తిరగడం కాదు. ప్రభువు ప్రాణాన్ని ఎవరూ లాక్కోలేదు, ఆయనే ఇచ్చాడు. ఇవ్వడం చేతనైనవాడే స్వతంత్రుడు.

ఈ వారం ఒక రాత్రి జపమాల ముగిశాక, టీవీ పెట్టకముందు, మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని 'నీ మనసులో ఏముంది నాయనా?' అని అడగండి. జవాబు మీకు నచ్చకపోవచ్చు, కన్నీళ్ళూ రావచ్చు. అయినా చివరిదాకా వినండి. పరలోకంలో దేవుడే మన కన్నీళ్ళు తుడుస్తాడని దర్శన గ్రంథం చెబుతున్నది. ఆయన మన గుండెను రాయి చేసి కన్నీరు ఆపడు, దగ్గరకు తీసుకుని తుడుస్తాడు. మన ఇళ్ళలోనూ అలాగే జరుగుగాక. ఆమెన్.