ఇంటికి వచ్చిన వీధి దీపం



ఈ వారం మీ ముందు ఒక చిన్న ప్రశ్న ఉంచుతున్నాను. అందరి కోసం చేసిన వస్తువు ఒకటి పనికిరాదని పారవేశారు. దాన్ని మనం డబ్బిచ్చి కొని, బాగుచేసి, మన ఇంట్లో పెట్టుకొన్నాం. అందులో తప్పేమైనా ఉన్నదా?

ద్రాక్షారామానికి దగ్గరలోని ఒక ఊళ్లో నా మిత్రుడొకరున్నారు. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నారు. పాత వీధి దీపాలను బాగుచేయడం ఆయన సరదా. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖపట్నంలో వీధి దీపాలన్నీ ఎల్.ఇ.డి.లుగా మార్చారు. 2015 జనవరిలో అదే పని దేశమంతటికీ పథకంగా మొదలైంది. పల్లెలకూ వచ్చింది. దించిన సోడియం దీపాల అల్యూమినియం డొప్పలు పాత ఇనుము కొట్లకు చేరాయి. మా మిత్రుడు వాటిని తూకానికి కొని తెచ్చుకొంటారు.

ఆ పని చూడముచ్చటగా ఉంటుంది. డొప్ప లోపల చోక్, కెపాసిటర్, ఇగ్నైటర్ ఉంటాయి. దీపం అంటుకోవడానికి ఇగ్నైటర్ వేల ఓల్టుల దెబ్బ కొడుతుంది. దాన్ని తీయకుండా ఎల్.ఇ.డి. బల్బు బిగిస్తే బల్బు మాడిపోతుంది. కెపాసిటర్ మరీ మాయలాడి, కరెంటు తీసిన తరువాత కూడా కొంతసేపు షాకు దాచుకొంటుంది. అందుకే ఈ మూడింటినీ తీసివేస్తారు. లోహపు డొప్ప గనుక ఎర్తు వైరు తప్పకుండా కలుపుతారు. గాజు మూతను చింతపండు నీళ్లతో తోముతారు (ఇది ఆయన సొంత విద్య, నేను పూచీ పడను). పాత ట్యూబులైట్లను మాత్రం పగలనివ్వరు, వాటిలో పాదరసం ఉంటుంది.

లోపలి సామాను అంతా మార్చాక అది పాత దీపమేనా అని నేనొకసారి ఎగతాళి చేశాను. “చూడండి మాస్టారూ, మీ గుడిలో మందసం దగ్గర దీపంలో నూనె ఎన్నిసార్లు మారిందీ?” అన్నారాయన. నా దగ్గర జవాబు లేకపోయింది.

అసలు ప్రశ్న వారి ఇల్లాలు వేశారు. ఆ సాయంత్రం వరండాలో పసుపు వెలుగు బల్బుతో ఆ దీపం నిండుగా వెలుగుతున్నది. గేటు బయట స్తంభం మీది కొత్త దీపం ఆరిపోయి నెల దాటింది. ట్యూషను నుండి వచ్చే పిల్లలు గోడ పట్టుకొని నడుస్తున్నారు. ఆవిడ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, “ఆయ్, చూశారా అన్నయ్య గారూ! వీధి దీపమేమో మా వరండాలో, చీకటేమో వీధిలో” అన్నారు.

ఆయన దొంగిలించలేదు గదా, కొన్నారు, కొనకపోతే కొలిమిలో కరిగిపోయేది గదా అని నేను ఆయన పక్షమే మాట్లాడాను. ఆ మాట ఇప్పటికీ నిజమేనంటాను. వాడి పారవేసే అలవాటును ఫ్రాన్సిస్ పాపుగారు 2015 నాటి ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో గట్టిగానే మందలించారు. పాతదాన్ని నిలబెట్టే చేతులు మెచ్చుకోదగ్గవే.

ఇంటికి వచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం రాళ్ల మీద అఖండ దీపాల శాసనాలున్నాయి. వాటిలో తరచుగా కనిపించే ఏర్పాటు ఇది: దాత దీపానికని యాభై జీవాలను ఇస్తాడు. ఒక బోయ వాటిని తీసుకొని, తానూ తన కొడుకులూ మనుమలూ రోజూ మానెడు నేయి పోస్తామని ఒప్పుకొంటాడు. ప్రమిదె గురించి కంటే నేయి గురించే, పోసేవాడి గురించే ఆ రాతలు ఎక్కువ పట్టించుకొన్నాయి. తొమ్మిది వందల ఏళ్ల నాటి మన వాళ్లకు దీపమంటే సగం వస్తువు, సగం మాట ఇచ్చిన మనిషి.

మరి మన వీధి దీపంలో ఆ రెండో సగం ఎవరి దగ్గర ఉన్నది? పాత ఇనుము కొట్టువాడు డొప్పను అమ్మగలడు గాని, దారిన పోయేవారికి వెలుగిస్తామన్న మాటను అమ్మలేడు. అది స్తంభం దగ్గరే మిగిలిపోయింది. కనుక కొన్నందుకు ఆయనను తప్పు పట్టలేను. కాని ఆ వీధిలో దీపం సంగతి తెలిసిన చెయ్యి ఆయనదొక్కటే. ఆ చెయ్యి వరండా వరకే పనిచేస్తే సరిపోతుందా? మదరాసు హైకోర్టులో తొలి భారతీయ న్యాయమూర్తి అయిన ముత్తుస్వామి అయ్యర్ చిన్నతనంలో వీధి దీపం క్రింద చదువుకొన్నారని చెబుతారు. ఆ దీపం ఎవరి వరండాలోనైనా ఉండి ఉంటే?

ఈ మాటే ఆయనతో అన్నాను. స్తంభం ఎక్కమని కాదు. అది ప్రాణాల మీదికి వచ్చే పని, ఆయనకు అధికారమూ లేదు. ఫిర్యాదు కాగితం రాయాలి, ఈలోగా దీపాన్ని గోడ బయటికి తిప్పాలి. బిల్లు మాటెత్తారు. తొమ్మిది వాట్ల బల్బు రాత్రికి పన్నెండు గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్ల చిల్లర అని లెక్క వేసి చూపించాను. ఎదురింటివారి కిటికీలో వెలుగు పడుతుందన్నారు. అది న్యాయమైన మాటే, అందుకే డొప్పను క్రిందికి వంచారు.

ఇప్పుడది వీధిలోకి వెలుగుతున్నది. స్తంభం దీపం ఇంకా రాలేదు. వచ్చే నెల వారిద్దరూ హైదరాబాదులోని కూతురి దగ్గరకు వెళుతున్నారు. స్విచ్చేమో ఇంటి లోపల ఉన్నది. తాళం చెవి ఎవరికి ఇచ్చి వెళ్లాలా అని ఆయన మొన్న నన్ను అడిగారు.