క్రిస్మస్ తాత ఏ దారిన వస్తాడు?

డిసెంబరు వస్తే ఉప్పల్, నాచారం గల్లీల్లో పిల్లలకు ఒక అనుమానం పుడుతుంది. క్రిస్మస్ తాత ఇంట్లోకి ఎట్లా వస్తాడు? బొమ్మల పుస్తకంలో ఆయన పొగగొట్టంలోంచి దిగుతాడు. నాచారంలో పొగగొట్టాలు ఫ్యాక్టరీలకే ఉంటాయి, ఇళ్లకు ఉండవు. అందుకే పిల్లలే దారి వెతుకుతారు. డాబా మెట్ల మీదుగా వస్తాడని ఒకరు, తాళం వేసినా తలుపు దానంతట అదే తెరుచుకుంటుందని ఇంకొకరు. చర్చి యువకులు రాత్రి క్యారల్స్ పాడుతూ వచ్చినప్పుడు ముసుగు వేసుకున్న తాత చిందులేసి, చాక్లెట్లు పంచి, గేటు దాటి నడిచే పోతాడు.

పెద్దలు తాము నమ్మని మాటను పిల్లలకు నిజమని చెప్పవచ్చా?

1897లో అమెరికాలో వర్జీనియా అనే ఎనిమిదేళ్ల పాప, తాత ఉన్నాడా, నిజం చెప్పమని ఒక పత్రికకు ఉత్తరం రాసింది. ప్రేమ, దాతృత్వం ఉన్నట్టే ఆయనా ఉన్నాడని పత్రిక జవాబిచ్చింది. మాట తీయగా ఉంది, కానీ పాప అడిగింది నిజం. ఆటలో ఉన్నంతసేపు పిల్లలతో మనమూ ఆడవచ్చు. ఆట ఆపి నిజం అడిగిన రోజు నిజమే చెప్పాలి. లేకపోతే రేపు మనం చెప్పే పాఠాన్నీ వాళ్లు అనుమానిస్తారు.

దీనికంటే పెద్ద కీడు మరొకటి ఉంది. "మంచి పిల్లలకే తాత బహుమతి ఇస్తాడు" అంటాం. అపార్ట్‌మెంటు యజమాని కొడుక్కి సైకిల్ వస్తుంది, అక్కడే వాచ్‌మన్ కొడుక్కి ఏమీ రాదు. ఆ బాబు ఏమనుకోవాలి? తాను చెడ్డవాడిననే కదా! పేదరికాన్ని పసివాడి తప్పుగా చూపించే కథ ఆట కాదు.

ఈ తాతకు మూలపురుషుడైన నికొలస్ 4వ శతాబ్దంలో మైరా పట్టణపు బిషప్. ఆ ఊరు నేటి టర్కీలో ఉంది. కట్నం లేక పెళ్లి కాని ముగ్గురు ఆడపిల్లల ఇంట్లో ఆయన రాత్రిపూట బంగారం మూటలు వేశాడని కథ. వాళ్లు మంచివాళ్లా కాదా అని లెక్క చూడలేదు. అవసరం చూశాడు. తీసుకునేవాళ్లు తల దించుకోకూడదని చీకట్లో ఇచ్చాడు.

మన పిల్లలు ఇంకో సంగతి గమనించాలి. చిలుకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమభరిణె రూపంలో మేడారం గద్దెకు వస్తుందని కోయ పెద్దలు మనసారా నమ్మి చెబుతారు. దాన్ని మూఢనమ్మకం అనేవాళ్లే, తాము నమ్మని తాత కథను ముచ్చట అంటారు. నమ్మి చెప్పిన మాట తప్పు కావచ్చు గానీ మోసం కాదు. ప్రశ్నించడం నేర్పాలంటే రెండింటినీ ఒకే కొలతతో కొలవాలి. మన పిల్లవాడు తరగతిలో తలవంచుకోకుండా ఉండాలంటే టీచరు ముందు ఈ కొలత సరిచేసుకోవాలి.

పిల్లలు నిజం అడిగితే ఇట్లా చెబుదాం: తాత ఏ దారినా రాడు. ఇచ్చేది మనుషులే. నువ్వు కూడా ఎవరికైనా, పేరు చెప్పుకోకుండా, ఇవ్వవచ్చు.