తాళంచెవి నాయనకిచ్చెయ్యి

మనవడా,

సిరిసిల్లకు క్షేమంగా చేరాను బిడ్డా. భివండీ పద్మానగర్‌లో మీ దగ్గరున్న పది రోజుల్లో చూసిందొకటి మనసును వదలడం లేదు. పొద్దున ఆరున్నరకు నువ్వు స్కూటీ తీస్తున్నావు. హెల్మెట్ అద్దానికే వేలాడుతోంది. గేటు దాటేలోపు నీ తల రెండుసార్లు ముందుకు వాలింది. నేను పిలిచేలోపే సందు మలుపు తిరిగిపోయావు. నువ్వు కాలేజీకి చేరావని మీ అమ్మ చెప్పేదాకా నాకు చాయ్ గొంతు దిగలేదు.

మీ నాయన నిన్ను బద్ధకస్తుడంటే నేను ఒప్పుకోను. మీ వయసులో నిద్రపుచ్చే మెలటోనిన్ రాత్రి పొద్దుపోయాకే ఒంట్లో ఊరుతుంది. పెందలాడే పడుకున్నా కన్ను మూతపడదు. కనీసం ఎనిమిది గంటల నిద్ర కావాలి. పదింటికి ట్యూషన్ నుంచి వచ్చి అయిదున్నరకు లేచేవాడికి అదెక్కడ దొరుకుతుంది? మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో నాలుగో తరగతి దాకా బడి తొమ్మిదికి ముందు పెట్టొద్దంది. మీ చెల్లెకు మేలు జరిగింది. నిన్నెవరూ తలుచుకోలేదు. అమెరికాలో వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో 2015లో హైస్కూళ్లను 7:20 నుంచి 8:10కి జరిపారు. ఆ తర్వాత అక్కడ 16–18 ఏళ్ల పిల్లల బండి ప్రమాదాలు తగ్గాయి.

భివండీలో మరమగ్గం మీద రాత్రిపాళి చేసిన రోజుల్లో తెల్లవారుజామున నాకూ కునుకు పట్టేది. పేకపోగు తెగితే ఆ సాంచా తనంతట తానే ఆగేది. చుట్టూ ఎన్ని మోగుతున్నా నా సాంచా చప్పుడు ఆగితే చెవికి తెలిసేది, ఉలిక్కిపడి లేచేవాణ్ణి. నీ స్కూటీ అట్లా ఆగదు బిడ్డా. అంజూర్‌ఫాటా వైపు గోదాములకు పోయే కంటైనర్ లారీ అసలే ఆగదు.

పైగా పదహారేళ్లకు లైసెన్సిచ్చేది గేర్లు లేని 50 సీసీ బండికే. మీది 110. నీ చేతిలో ఏదైనా జరిగితే మోటారు వాహన చట్టం 2019 సవరణ కింద మీ నాయనకు మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. ఆ బండి నీ చేతికిచ్చిన తప్పు మా పెద్దలదే. ఆయనకూ వేరే ఉత్తరం రాశాను.

ఈ రోజే తాళంచెవి నాయనకిచ్చెయ్యి. రిక్షాలో పో. తోటి పిల్లలతో కలిసి, మొదటి క్లాసు ఎనిమిదిన్నరకు పెట్టమని మీ ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయి. సిగ్గుపడకు, న్యాయమైన సంగతి అడుగుతున్నావు. అర్జీ ఎట్లా రాయాలో తెలియకపోతే ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి రాద్దాం.

ఈ నెల రిక్షా డబ్బులు మీ అమ్మకు ఫోన్‌పే చేశాను. వచ్చే నెలవీ నేనే పంపుతాను.

మీ తాత