పొద్దు వాలే వేళకు పాటల కూర్పు

ఈ ఉదయపు తలపు ఒక సాయంత్రం గురించి.

స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో, శాన్ ఆంటోనియో తీరాన, 1980లో కెఫే డెల్ మార్ తెరిచారు. అక్కడ కూర్చుంటే సూర్యుడు సముద్రంలోకి దిగడం కళ్ళారా చూడొచ్చు. 1991 నుంచి అక్కడ డీజేగా ఉన్న హోసే పాదియా ఆ వేళకు తగిన సంగీతాన్ని ఏరి, క్యాసెట్లకెక్కించి అమ్మేవారు. ఆ అభిరుచే 1994లో కెఫే డెల్ మార్ పేరిట తొలి ఆల్బమ్ అయింది.

దాని అందమంతా కూర్పులోనే ఉంది. సేబర్స్ ఆఫ్ ప్యారడైజ్ బృందం క్లబ్బుల కోసం కట్టిన బాణీ ఇందులో దరువు లేకుండా, తేటగా వినిపిస్తుంది. ఇందులోని పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రా బాణీకి మూలం, జపాన్‌లోని క్యోటో వీధిలో ఆ బృంద సారథి సైమన్ జెఫ్స్‌కు దొరికిన పాత హార్మోనియం. పద్యనాటకాలు విన్న తెలుగు చెవికి ఆ తిత్తుల ఊపిరి ఎంత దగ్గరిదో! ఎక్కడెక్కడో, వేర్వేరు అవసరాలకు పుట్టిన ఈ పాటలు పక్కపక్కన చేరగానే ఒకే సాయంత్రంలా సాగుతాయి. తొందరపెట్టే గొంతు లేదు. ఒక పాట ముగిసిందని తెలిసేలోపే మరొకటి మెల్లగా అందుకుంటుంది.

పాదియా 2020లో కన్నుమూశారు. ఆయన ఏరిన పాటలు మాత్రం సముద్రమే లేని ఊళ్ళలోనూ, దీపాలు పెట్టే వేళ మోగుతూనే ఉన్నాయి.