శని రత్నంలో శని ఉన్నాడా?

"నీలం అందరికీ పడదు" అన్న మాట తెలుగు ఇళ్లలో కొత్తేమీ కాదు. ఏలినాటి శని నడుస్తోందని ఎవరైనా చెబితే చాలు, ఉంగరం ప్రస్తావన వస్తుంది. కొనేముందు రాయిని దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. పీడకల వస్తే తిరిగి ఇచ్చేస్తారు. నవరత్నాల్లో ఇంతగా భయపెట్టేది మరొకటి లేదు.

ఖనిజంగా చూస్తే అది కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికం. గట్టిదనంలో వజ్రం తర్వాతి వరుసలో నిలుస్తుంది. స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. ఇనుము, టైటానియం లేశమాత్రం కలిస్తే నీలం. క్రోమియం కలిస్తే కెంపు. కెంపు సూర్యుడిది, నీలం ఆయన కొడుకు శనిది. ఈ తండ్రీకొడుకులకు పొసగదనీ, రెండు రాళ్లూ కలిపి ధరించవద్దనీ జ్యోతిష్కులు చెబుతారు. గురుగ్రహానికి పెట్టుకునే కనక పుష్యరాగం కూడా కురువిందమే. మూడు గ్రహాలకూ ఒకటే ఖనిజం!

మరి మహిమ ఎక్కడున్నట్టు? రంగులోనే అనుకుంటే, ఆ రంగును ఇప్పుడు కొలిమిలో తెప్పిస్తున్నారు. శ్రీలంకలో 'గ్యూడా' అనే పాలరంగు రాళ్లను ఒకప్పుడు పెద్దగా పట్టించుకునేవారు కాదు. 1970ల నుంచి థాయ్ వ్యాపారులు వాటిని కొని, 1,500 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి నిండు నీలాలుగా మార్చారు. కాల్చని రాయిని సూక్ష్మదర్శినిలో చూస్తే చాలాసార్లు సన్నని పట్టుపోగుల్లాంటి సూదులు అల్లుకుని కనిపిస్తాయి. తీవ్రమైన వేడికి అవి కరిగి తెగిపోతాయి. నేడు బజారులో దొరికే నీలాల్లో ఎక్కువ భాగం కాల్చినవే.

గరుడ పురాణం ఇంద్రనీలం బలాసురుడి కళ్ల నుంచి పుట్టిందనీ, సింహళం దాని నెలవనీ చెబుతుంది. గుణం పెంచడానికి మణిని నిప్పులో పెట్టకూడదనీ అంటుంది. శాస్త్రం పేరు చెప్పి నీలం అమ్మేవారు ఈ మాట కూడా చెప్పాలి కదా!

కోనసీమలోని మందపల్లిలో శని దోషం పోవాలని మందేశ్వరుడికి నువ్వుల నూనెతో అభిషేకం చేసే భక్తుణ్ణి, వేలికి నీలం ఉందా అని ఎవరూ అడగరు. శని కర్మఫలదాత అన్న నమ్మకం నిజమైతే, ఆయన చూసేది నడవడికనే గాని ఉంగరాన్ని కాదు.

నీలం అందమైన రాయి. ఆ అందం కోసం నిశ్చింతగా కొనుక్కోండి. కాల్చినదో కాదో తేల్చే ల్యాబ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. శని భయంతో మాత్రం అప్పు చేసి కొనకండి.