ముందు తల్లికి, తరువాత కానుక

కాలము చెడినదని మనము వాపోవుచున్నాము. నిజమే; తలిదండ్రులను విడిచిపెట్టిన బిడ్డలకు మూడు నెలలవరకు చెర విధించు చట్టమును 2007లో మన దేశము చేయవలసివచ్చెను. అయితే మార్కు 7వ అధ్యాయము చదువుడి. తలిదండ్రులకు చెందవలసినదానిని 'కొర్బాను' అని దేవునిపేర తప్పించిన పరిసయ్యులను ప్రభువు ఆనాడే గద్దించెను. గనుక కాలమును నిందింపవద్దు.

మన ఆదిలాబాదు సీమలోని నిర్మల్ ప్రాంతమునుండి గల్ఫుదేశములకు పోయిన కుమారులనేకులు ఇంటికి రూకలు పంపుచున్నారు. ఇంటనే యుండి, కోతపండుగనాడు బస్తాలు దేవాలయమునకు మోసి, ముసలితల్లికి గంజియైనను పోయనివారు ప్రభువునకేమి ఉత్తరమిత్తురు? ఆయన సిలువవేదనలోనుండియు తన తల్లిని శిష్యునికి అప్పగించెను. వచ్చు ఆదివారము కానుక పట్టుకొనకమునుపే అమ్మ తినినదో లేదో చూచి బయలుదేరుదము.